తాంబాళం కొన్న సంగీతం మాస్టరు

మా పాత్రల కొట్టులో పిల్లలకు అక్షరాల కన్నా ముందు నేర్పేది నోరు మూసుకోవడం. ధర చెప్పాలి, ఆపైన పలకకూడదు. వచ్చినవాడు గిన్నెను తిప్పి చూస్తాడు, పెదవి విరుస్తాడు, గుమ్మం వైపు ఒక అడుగు వేస్తాడు. మనం మాత్రం దుమ్ము తుడుచుకుంటూ ఉండాలి. ముందు నోరు తెరిచినవాళ్లు తగ్గాలి, అంతే. మా నాయన పెళ్లిచూపుల్లో కూడా గంటసేపు పలకలేదట. చివరికి అమ్మే విసుగెత్తి, “కాఫీ చల్లారిపోతాండాది” అందట. నాయన చేతిలో అమ్మ ఓడిపోయింది ఆ ఒక్కసారే.

ఈ విద్యలో నాయనను మించిపోయానని అనుకునేదాన్ని, ఆ పెద్దమనిషి కొట్టులోకి వచ్చేదాకా.

అరవై దాటిన సన్నటి మనిషి. పెళ్లిళ్లలో సారె పెట్టే పెద్ద తాంబాళాలు దించమన్నాడు. ఒక్కోదాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. పగుళ్లు చూస్తున్నాడేమో అనుకున్నాను.

“ఒపేరాకి ఉరుము కావాలమ్మా,” అన్నాడు తమిళంలో.

ఒపేరా అంటే మొదటినుంచి చివరిదాకా పాటలోనే నడిచే నాటకమట. అందులో తగాదాలు కూడా పాడే పడతారట. ఆయన వేయబోయేది నాలుగు వందల ఏళ్ల కిందటి ఇటలీ వాళ్లది, అందులో ఒక తుపాను ఉంది. ఆయనకు కావలసింది తాంబాళం కాదు, ఉరుము అని తెలియగానే నేను ఉరుము ధర చెప్పాను. చెప్పి, నోరు మూసుకున్నాను.

ఆయనా మూసుకున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. కాఫీ ఫిల్టరు అడగడానికి వచ్చిన ఒకావిడ మా ఇద్దరి మొహాలూ చూసి, అడక్కుండానే వెళ్లిపోయింది. నాయన బిల్లు రాయడం ఆపి చూస్తున్నాడు. ఆయన మాత్రం బీచి ఒడ్డున గాలికి నిలబడ్డట్టు హాయిగా నిలబడ్డాడు.

“సరే సార్, మీ కోసమని తగ్గిస్తా,” అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది.

ఆయన వృత్తి ఏమిటో తరువాత తెలిసింది. నలభైమంది వాద్యాలవాళ్ల ముందు, గాయకుల ముందు నిలబడి, చెయ్యెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉంచడం, చెయ్యి దించి మొదలుపెట్టించడం. కండక్టరు. మా ఊళ్లో ఆ మాటకు బస్సే గుర్తొస్తుంది కాబట్టి అందరూ మాస్టరు అంటారు. నిశ్శబ్దంతోనే బతుకుతున్న మనిషి ముందు నేను నా చిల్లర నిశ్శబ్దం పరిచాను!

ఆ రోజు తగ్గానన్న ఉక్రోషంలో మేడమీది గోదాములోకి కేకేశాను, పెద్ద అట్టపెట్టె దించమని. ఆయన చప్పున తిరిగాడు.

“ఈ గొంతు ఆదివారం మా బృందంలోకి రావాలి.”

“ఏమిస్తారు?”

“టీ.”

“టీతో పాటు?”

“మురుకులు.”

“ఎన్ని, రెండా?”

మళ్లీ ఆ మౌనం. నేను వెళ్లాను.

“యాడికి పోతాండావు ఆదివారం పూట?” అన్నాడు నాయన.

“పాట నేర్చుకునేదానికి.”

“దుడ్డు ఎంతంట?”

“ఏమీ లేదు నాయనా.”

“సుమ్మానా, ఊరికేనా? అట్లయితే ఏందో మోసం ఉండాది. శరి, రెండు వారాలు పోయి చూడు.”

మా ఊళ్లోనే లాస్‌పేటలో ఒక ఇంటి మేడమీద సాధన. కింది శ్రుతిలో పాడే ఆడవాళ్లం నలుగురం. ఇటాలియన్ మాటలు మిగతా ముగ్గురూ తమిళంలో రాసుకున్నారు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. నేను తెలుగులో రాసుకున్నాను. దాంతో పక్కన నిలబడే నర్సమ్మ ప్రతి మాటకూ “అక్కా, ఇది కా, గా?” అని నా పుస్తకంలోకి తొంగిచూసేది. రెండు వారాలకు ముగ్గురూ నా నోరు చూసి పాడటం మొదలుపెట్టారు. అలా నాకు నాయకత్వం మురుకులతో పాటు ఉచితంగా వచ్చింది.

చిక్కు అక్కడే. తుపాను అయిపోతుంది, నా తాంబాళం చివరిసారి ఉరుముతుంది, అన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోంచి మేం నలుగురం మాత్రమే, వాద్యాల సాయం లేకుండా, పాట ఎత్తుకోవాలి. మాస్టరు చెయ్యెత్తి నా కళ్లలోకి చూసేవాడు. ఎదురుగా ఒక మనిషి పలకకుండా నిలబడి నన్నే చూస్తుంటే నేను ముందు నోరు తెరవడమా? చెయ్యి దిగేది, నేను కదిలేదాన్ని కాదు. నన్ను చూసి ముగ్గురూ కదిలేవారు కాదు. వయొలిన్లవాళ్లు రాని బస్సు కోసం చూసినట్టు మా వైపు చూసేవారు.

“ఎవరి కోసం ఆగుతున్నావమ్మా?”

“మీ కోసమే సార్.”

“నేను పాడను.”

“అదే సార్ నా బాధ.”

కచేరీకి ముందురోజు ఆయన తేల్చేశాడు. “రేపు కూడా ఆగావంటే, వచ్చే నెల బృందగానంలో నీకు చోటు లేదు. వెనక్కెళ్లి తాంబాళం కొట్టు.” నేను అమ్మిన తాంబాళం! ఇటు చూస్తే నాయన బజారంతా చాటేశాడు. కచేరీ కోసం సాయంత్రం వ్యాపారం వదులుకుని కొట్టు మూస్తానన్నాడు. నా నిశ్చితార్థానికి కూడా ఆయన అరపూటే మూశాడు.

పైగా, నవ్వకండి, నాకా పాట ఇష్టమైపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి మా నాలుగు గొంతులు లేచినప్పుడు, ఎంత ఆలస్యంగా లేచినా సరే, నా వీపు జలదరించేది. దాన్ని ఇంకొకరికి వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఆ పూట భోజనం దగ్గర అడిగాను. “నాయనా, ముందు నోరు తెరిస్తే ఏమవుతుంది?”

“తగ్గించాల.”

“తగ్గించేదానికి ఏమీ లేకపోతే?”

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. “అట్లయితే ఎందుకు పిల్లా అంతసేపు నిలబడేది? యాపారమే లేదు గదా ఆడ.”

మరుసటి సాయంత్రం హాలు నిండింది. నాయన ముందు వరుసలో, ఇస్త్రీ చొక్కాలో. తుపాను వచ్చింది, తాంబాళం ఉరిమింది, అన్నీ ఆగాయి. మాస్టరు చెయ్యి లేచింది. సాధనలో ఎన్నడూ లేనంతసేపు అలాగే ఉంచాడు. ఆయన భుజం మీదుగా నాయన మొహం కనిపించింది. పాపం, ముందురోజు చెప్పిన మాట ఆయనకే గుర్తులేదు. కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపుతున్నాడు: తెరవొద్దు, తగ్గొద్దు!

తెరిచాను. ముగ్గురూ నా వెంటే లేచారు. ఎంత తొందరపడ్డానంటే, మాస్టరు చెయ్యి ఇంకా పైనే ఉంది. అది గబగబా దిగి మమ్మల్ని అందుకుంది, మొదటినుంచీ తన ఉద్దేశం అదేనన్నట్టు. ముందు వరుసలో నాయన నుదురు కొట్టుకున్నాడు.

సోమవారం మాస్టరు కొట్టుకు వచ్చాడు. ఇంకో తాంబాళం కావాలి, మొదటిదాని కన్నా కింది శ్రుతిలో. అన్నీ కొట్టి కొట్టి ఒకటి తీశాడు. ధర చెప్పాను. నోరు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నాడు. ఫ్యాను తిరిగింది. నాయన బిల్లు పుస్తకం మూసి, చేతులు కట్టుకున్నాడు.

నేను మూతలు తుడిచాను. గరిటెలు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను.

“తాళంలో అర మాత్ర ముందొచ్చావు,” అన్నాడు మాస్టరు, ఇక ఉండబట్టలేక. “వచ్చే నెల ఆ అర మాత్ర ఆగు.”

వచ్చే నెల! చోటు ఉంది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ బల్ల చాటున నాయన నా మోచెయ్యి గిల్లాడు.

“ఆయప్పే ముందు పలికినాడు,” అన్నాడు చెవిలో.

ఒక్క రూపాయి తగ్గించలేదు.