తొంభై తొమ్మిదో నమూనా తుపాకీ

ఆ ఆదివారం మధ్యాహ్నం గరాజులో ఉన్నది ముగ్గురం: మా ఇంటి యజమాని అయిన ముసలాయన, నా గదిలో ఉండే కరీంనగర్ అన్న, నేను. బల్ల మీద ఉన్నవి: బోల్టు తీసి పక్కన పెట్టిన పాత జపాను సైనిక తుపాకీ, టార్చి, భూతద్దం, జపాను తుపాకుల మీద లైబ్రరీ పుస్తకం, మూడు కప్పుల టీ. తలుపు అవతల కోసిన గడ్డి వాసన. అడిలైడ్ అనగానే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది ఆ వాసనే.

అది 1999. ఆఫీసు ఊరి శివార్లలో, మాసన్ లేక్స్‌లో. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చడం మా పని.

తుపాకీ ముసలాయన వాళ్ల సొంత అన్నగారిది. యుద్ధానికి న్యూగినీ వెళ్లి, వస్తూ తెచ్చాడట. అదెలా చేతికొచ్చిందో చెప్పకుండానే ఆ ఏడు చలికాలంలో చనిపోయాడు. "మనిషిని చంపి తీసుకున్నాడా, లేదా? అదొక్కటి తేల్చండి" అన్నాడు ముసలాయన.

తూటా కూర్చునే చోట, పైన, మూడు జపాను అక్షరాలున్నాయి. పుస్తకంతో పోల్చాను. తొమ్మిది, తొమ్మిది, నమూనా. ఆ నమూనా వచ్చిన ఏడు వాళ్ల పాత లెక్కలో 2599, అంటే మన 1939. చివరి రెండంకెలే చెక్కారు.

అన్న టీ కప్పు కింద పెట్టేశాడు. "ఓర్నీ, వీళ్లు గూడ గదే పని జేసిన్రా! ఆదివారం గూడ తొంభై తొమ్మిది ఇడుస్తలేదేంది తమ్మీ!"

ఎందుకు నవ్వుతున్నామో ముసలాయనకు ఇంగ్లిషులో చెప్పాను. ఆయన నవ్వలేదు.

"సంవత్సరం సరే మేట్, మా అన్న సంగతి చెప్పు."

ఎడమ పక్క నంబరు, దాని చివర నగోయా కర్మాగారం గుర్తు ఉన్నాయి. అవి ఆయన ప్రశ్నకు జవాబులు కావు. జవాబు అక్షరాల పైన ఉండాల్సిన చామంతి పువ్వులో ఉంది. పదహారు రేకుల రాజముద్ర అది. పోరులో చేజిక్కిన తుపాకీ మీద పువ్వు మామూలుగా అలాగే ఉంటుంది. జపాను ఓడిపోయాక అప్పగించిన వాటి మీద, చక్రవర్తి పరువు పోకుండా దాన్ని గీకేసేవారు.

అక్కడ వేలికి గరుకుగా తగిలింది. పాతసామాన్ల కొట్లో మా అమ్మ కొన్న ఇత్తడి బిందె మీద, ముందటివాళ్ల పేరు ఆకురాయితో అరగదీసిన చోటు సరిగ్గా ఇలాగే ఉండేది. నీళ్లు మోసేటప్పుడు నా బొటనవేలు అక్కడే ఆనేది.

"గీకేశారు. యుద్ధం ముగిశాక అప్పగించిందే అయ్యుండాలి" అన్నాను. "నూటికి నూరుపాళ్లు అని మాత్రం చెప్పలేను."

"నూటికి నూరు ఎవడడిగిండు? ముసలాయన మొఖం జూడు" అన్నాడు అన్న తెలుగులో.

ముసలాయన తుపాకీ మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. "అయితే జ్ఞాపకానికని పంచిపెడితే వరసలో నిలబడి పుచ్చుకున్నాడన్నమాట" అని, అప్పుడు నవ్వాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంకోసారి చూడమన్నాడు. పువ్వు రేకులు ఏమైనా మిగిలాయేమో లెక్కపెట్టమన్నాడు.

టార్చి పక్కనుంచి వేసి, భూతద్దం పెట్టి చూశాను. పదహారు రేకుల్లో కనిపించినవి మూడు.