మంగళవారం పోస్టులో వచ్చిన పేపర్లు

తెలివి తక్కువ, హుషారు ఎక్కువ ఉండే వయసొకటి ఉంటుంది. ఎస్టీడీ బూత్‌లు ఇంకా మూతపడని ఆ కాలంలో, సరిగ్గా ఆ వయసులో, నేను నిజామాబాద్‌లో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాను. పిక్కలు పట్టేస్తే ఇచ్చే ఒక గోలీ మీద దేశదేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ పోస్టులో తెప్పించి, ఫలితాలు కలిపి చూసి, అది పనిచేస్తుందో లేదో డాక్టర్ల మీటింగ్‌లో చెప్పాలి. (వర్నిలో నాట్లకు పోయే మా చిన్నమ్మకు రోజూ పిక్కలు పట్టేస్తాయి కాబట్టి, అది పనిచేసి తీరాలని నేను ముందే నిశ్చయించుకున్నాను.) అన్నీ కలిపితే తేలిందేమిటంటే, ఆ గోలీ మింగినా మందులేని ఉత్త గోలీ మింగినా ఒకటే.

నాకు మనసొప్పలేదు. మగవాళ్లను వేరుచేసి చూశాను, లేదు. ముసలివాళ్లను, షుగరున్నవాళ్లను, లావుపాటివాళ్లను విడదీశాను, ఊహూఁ. పదకొండోసారి, నలభై లోపు వయసుండి పొలం పనికి పోయే ఆడవాళ్లను విడిగా తీస్తే గోలీ బ్రహ్మాండంగా పనిచేసింది! అంటే అచ్చం మా చిన్నమ్మే. సంతోషం పట్టలేక బూత్‌కు పరుగెత్తి, వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి, చిన్నమ్మను పిలిపించి, నీ కాళ్లకు మందు దొరికింది, రేపే బస్సెక్కి రమ్మని చెప్పాను. ఆ ఊపులోనే జిలేబీ కొనుక్కుని మేడం ముందు నిలబడి, చిన్నమ్మ సంగతితో సహా అంతా చెప్పాను.

మేడం జిలేబీ తిన్నారు, తిట్టలేదు. ఎన్ని రకాలుగా విడదీశావని మాత్రం అడిగి, మంగళవారం పోస్టులో వచ్చిన పేపర్లు ఒకవైపు, మిగిలినవి ఒకవైపు పెట్టి చూడమన్నారు. (కవర్ల మీద వచ్చిన రోజు రాసిపెట్టుకునే నా అలవాటు ఆ రోజు నా కొంప ముంచింది.) మంగళవారం పేపర్లలో గోలీ ఇంకా బాగా పనిచేసింది.

"గట్లయితే మీ చిన్నమ్మకు గోలీలు మంగళవారం పోస్టుల పంపు," అన్నారు మేడం చేతులు తుడుచుకుంటూ. "ఇన్ని తీర్ల ముక్కలు చేస్తే ఏడనో ఒక దగ్గర వట్టిగనే తగుల్తది. లెక్క చూసినంక పుట్టిన గుంపును నమ్మొద్దు."

మర్నాడు చిన్నమ్మ ఒక్కతే రాలేదు, నాట్లకు తోడుపోయే ముగ్గురిని వెంటబెట్టుకుని దిగింది. సిగ్గుతో చచ్చిపోతూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. చిన్నమ్మ పిక్కలు ఒత్తుకుంటూ అంతా విన్నది.

"అందరికి పనిచెయ్యని గోలి నాకెందుకు పనిచేస్తదనుకున్నవ్ బిడ్డా?"

"నీకు నయంగావాలని గట్ల చూసిన చిన్నమ్మా."

చిన్నమ్మ వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగి, "సూసిండ్రా, దేశాలన్ని ఎతికింది, నా కాళ్ల కోసం," అన్నది గర్వంగా.

మీటింగ్‌లో పనిచేయదనే చెప్పాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లకు, ఏ గుంపులు చూస్తారో పేపర్లు తెరవకముందే రాసిపెట్టమని గట్టిగానే చెబుతుంటాను. కానీ పదకొండోసారికి ఎగిరి గంతేసిన ఆ పిల్ల మీద మాత్రం నాకు కోపం రాదు. ఒక్క సాయంత్రమైనా, దాని లెక్కలో మా చిన్నమ్మ కాళ్లు నయమయ్యాయి.