వీరాయమ్మ చేతి మీద ఆయన రాత

“కొబ్బరినూనె రాసుకో, పచ్చబొట్టు నిగనిగలాడుద్దన్నారండి. రాసేను. నూనె చేత్తో ఎండలో కూర్చుంటే మాడిపోద్దని ఒక్కళ్లన్నా చెప్పేరేంటండి?”

మా వీధిలో ఉండే వీరాయమ్మ ఎడమచెయ్యి నా ముందు చాపింది. అంబాజీపేట దగ్గర కొబ్బరి చిప్పలు ఎండబెట్టే చోట ఇరవై ఏళ్లుగా ఆవిడకి పని. మోచేతి కింద చర్మం నల్లగా కమిలిపోయింది. ఆ నలుపులో ఆకుపచ్చ అక్షరాలు కలిసిపోతున్నాయి. వంగి చూస్తే గానీ ‘బంగారయ్య’ అని తెలియలేదు.

బంగారయ్య ఆవిడ భర్త. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. పెళ్లయిన ఏడాది పచ్చబొట్లు పొడిచే ఆవిడ వాకిట్లోకొచ్చి, పేరేంటమ్మా అనడిగితే, వీరాయమ్మ నోరు విప్పలేదట. మొగుడి పేరు ఎలా చెబుతుంది? ఆయనే నవ్వుతూ పొయ్యిలో బొగ్గు తెచ్చి వీరాయమ్మ చేతి మీద రాశాడు. ఆయనకి రాయడం వచ్చింది ఆ పేరొక్కటే. ‘గా’ కిందికి జారింది, చివరి ‘య్య’ మిగతావాటికి రెండింతలుంది. ఆ బొగ్గు గీతల మీదే సూదులు నడిచాయి.

తొంభై అయిదులో పచ్చకామెర్లతో ఆయన పోయాడు. మరుసటేడు తుఫానుకి ఇల్లూ, ఆయన సంతకాలున్న కాగితాల పెట్టే పోయాయి. ఈ ఎనిమిదేళ్లలో ఆయన చేతిరాత ఈ చేతి మీద తప్ప ఇంకెక్కడా లేదు.

“పొడుగు చేతుల చొక్కా తొడుక్కెళ్తే, ‘కలెక్టరాఫీసులో ఉద్యోగమొచ్చిందేంటి వదినా’ అని ఒకటే ఎకసెక్కాలండి. పోనీ అనుకుంటే, చెమటకి లోపలంతా పొక్కింది. గోకితే పుండు పడి, ఇదిగో, ఈ గీత చెరిగింది. డాక్టరుగారేమో ఎండ తగలనీకమ్మా అంటారు. ఎండలో కాక కొబ్బరి ఎక్కడ ఎండుద్దండి?”

“గుడి తీర్థంలో మిషనుతో పచ్చబొట్లు పొడుస్తున్నారు కదా, వీరాయమ్మత్తా?”

“ఆయ్, వెళ్లేను. ఆ కుర్రోడు చూసి, ‘ఇదేం రాతండీ, చక్కగా గుండ్రంగా రాసి పక్కన గులాబీ పువ్వెడతాను’ అన్నాడు. లేచొచ్చేసేను. మా కోడలు ఉమామహేశ్వరిదీ అదే మాట. ‘ఎవరు రాస్తే ఏంటత్తయ్యా, మావయ్యగారి పేరే కదా’ అంటది. పేరు ఓటరు కార్డులోనూ ఉందండి. ఆయన రాసేడా అది?”

ఆవిడ చెయ్యి తిప్పి, వెలుతురుకి పెట్టి, తనే ఒక్కో అక్షరం వెతుక్కుంది. ‘ర’ దగ్గర గీత దొరక్క వేలు ఆగిపోయింది.

“ఇంక దాచలేనండి దీన్ని. బస్టాండు దగ్గర పుస్తకాల కొట్లో లోపల్నుంచి కనపడే పల్చటి కాయితం దొరుకుద్దంట కదా. అదో రెండు పట్రండి. పెన్సిలూ తెండి. చేతి మీదెట్టి ఉన్నదున్నట్టు దించాలి. వంకరుంటే వంకరగానే. మీరు చదువుకున్నోరు, చెయ్యూరుకోక దిద్దేస్తారేమో, దిద్దకండి. కొట్టు కట్టేస్తాడు, ముందెళ్లండి బాబూ.”