ఎండబెట్టకూడని మన్ను

మా తమ్ముడికి మన్ను పిచ్చి. చిన్నప్పుడు ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ కాలవ ఒడ్డున బురదలో పొర్లి వచ్చి అమ్మ చేత వీపు చితక్కొట్టించుకున్నవాడే, పెద్దయ్యాక నేలల చదువు చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. తాతా మోశాడు. నాన్న కొన్నాళ్ళు మోసి, తర్వాత గుమాస్తా అయ్యాడు. "ఇంతమంది బస్తాలు మోసి నిన్ను సదివిస్తే నువ్వు మట్టి మోస్తానంటావేట్రా" అని అమ్మ దెప్పేది. వాడు నవ్వి ఊరుకునేవాడు. మా ఇంట్లో నోరు నాది, నవ్వు వాడిది.

ఉద్యోగం సుమత్రాలో వచ్చింది. కొండ వాలు మీద కాఫీ తోట. పైన పొగలు కక్కే శిఖరం, కింద లోయ, ఏడాది పొడుగునా వాన. మొక్కల కింద నేల ఎలా ఉందో చూసి చెప్పడం వాడి పని. సాయంత్రాలు వీడియో కాల్ చేసేవాడు. ముఖం చూపించరా అంటే మట్టి చూపించేవాడు. మేం ఉండేది పజుండౌంగ్‌లో ఒక పాత మేడ పై అంతస్తులో. నేను డాబా మీద గులాబీ కుండీల మధ్య కూర్చుని, ఆఫీసులో ఎవరి మీదా చూపించలేని కోపమంతా వాడి మీద చూపిస్తూ వినేదాన్ని.

మొదటిసారి చూపించినప్పుడు "ఇది మన్నేనా, కాఫీ పిప్పా?" అన్నాను. అంత నల్లగా, అంత గుల్లగా ఉంది.

"బూడిదక్కా. కొండ కక్కిన బూడిద" అన్నాడు.

వాడు చెప్పినదాంట్లో నాకు బుర్రకెక్కింది ఇంతే. కొండ పేలినప్పుడు ఎగిరిన బూడిద వాలంతా పరుచుకుంటుంది. అందులో రేణువులు నలగ్గొట్టిన గాజు లాంటివి. చలి ప్రదేశంలో అయితే చాలాకాలం అలాగే పడి ఉంటాయట. వేడీ వానా రెండూ ఆగని చోట ఆ గాజు తొందరగా శిథిలమై, ఒక రూపమంటూ లేని జిగురుమన్నుగా మారుతుంది. అడవిలో రాలిన ఆకు కుళ్ళితే ఆ కుళ్ళుని ఈ జిగురు పట్టుకుని వదలదు. ఆ నలుపు అదే. లోపలంతా సన్నసన్నటి ఖాళీలు, ఆ ఖాళీల నిండా నీళ్ళు. పిడికెడు మన్నులో మన్ను కంటే నీళ్ళే ఎక్కువ ఉంటాయని వాడంటే నేను నమ్మలేదు.

"ఎరువేస్తే మొక్కకి పెట్టదక్కా. తనే పట్టుకుని కూకుంటాది" అన్నాడొకసారి.

"మన మేనత్తలాగన్నమాట" అన్నాను. మా మేనత్త బీరువా తాళం నడుముకి కట్టుకుని నిద్రపోయేది. వాడు అంత దూరంలో కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంకోరోజు అరచేతిలో చిటికెడు మన్ను పెట్టి చూపించాడు. చూడ్డానికి పొడిగానే ఉంది. బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఉన్నట్టుండి వేలు తడిసి, మన్ను పేస్టులా జారింది. ఎక్కడినుంచి వచ్చాయో ఆ నీళ్ళు. "నీలాటిదే అక్కా ఇది. పైకి సూస్తే పొడి. నలిపితే నీళ్ళు" అన్నాడు. నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదని మావాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. స్నానాల గదిలో ఏడ్చానని వాడొక్కడికే తెలుసు. నోర్ముయ్యమని ఫోన్ పెట్టేశాను.

నా గులాబీలకి ఒక సంచీడు తెస్తానన్నాడు. తెస్తానని ఊరుకోకుండా జాగ్రత్తలు కూడా చెప్పాడు. "ఎండబెట్టకు. వేరే మన్ను ఎండిపోతే తడుపుకోవచ్చు. ఇది ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే మరి నీళ్ళు పట్టదు. ఇసకలాగైపోతాది. మేం కూడా తడిగానే పరీక్ష సేస్తాం."

"మన్నుకి కూడా ఇన్ని వేషాలా?" అన్నాను. తర్వాత, ఎందుకడిగానో తెలియదు, అన్ని నీళ్ళు మోస్తూ అంత వాలు మీద అది జారిపోదా అని అడిగాను.

"జారదు. నిలువునా కోసినా గోడలాగ నిలబడతాది. పట్టుకుంటాది, పట్టుకుంటాది, పట్టలేనప్పుడు ఒక్కసారే వదిలేస్తాది" అన్నాడు. ఏదో తమాషా చెప్పినట్టే చెప్పాడు.

అలాగే వదిలేసింది. రోజుల తరబడి తెరిపి లేని వాన, ఆ మీద చిన్నగా భూమి కదలడం. తోటవాళ్ళ గదుల పైనున్న వాలు మొత్తం కిందికి వచ్చింది. కొందరిని తీశారు. మా తమ్ముడిని తీయలేకపోయారు. వెతికినన్నాళ్ళు వెతికి, వాన పెరిగి వెతికేవాళ్ళ ప్రాణాలకే ముప్పని ఆపేశారు. ఆ కబురు నేను ఆఫీసులో, ఫోన్‌లో, ఇంగ్లీషులో విన్నాను. ఇంటికి వెళ్ళి తెలుగులో అమ్మకి చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు.

అమ్మ ఒప్పుకోలేదు. ఏడవనూ లేదు. "కొండ పడిందన్నారు. ఆడు దాని కిందున్నాడని ఎవుడు సూసాడు?" అంది. మా గుడి పంతులుగారు వచ్చి, శరీరం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించే విధి ఉందనీ, అది చేయకపోతే పోయినవాడికి దారి దొరకదనీ మెల్లగా చెప్పారు. అమ్మ ఆయనకి టీ ఇచ్చి, "గడ్డిబొమ్మకి నిప్పెట్టి నా కొడుకు అనమంటారా పంతులుగారూ?" అంది. ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కర్మ మాట ఎవరెత్తినా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేది. నాకు మాత్రం వాడు ఏ దారీ లేకుండా ఆ తడిలో ఉండిపోయాడనే అనిపించేది. కర్మ జరగాలి. అమ్మ ఒప్పుకుంటే తప్ప జరగదు. ఇంట్లో ఇద్దరమే ఉండి, ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్ళం.

తదింజూ దీపాల పండగ రోజుల్లో వాడితో పనిచేసిన బర్మా అబ్బాయి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాలు జారినరోజు లోయలోని ఆఫీసులో ఉండి బతికాడు. అమ్మని "అమే" అని, అంటే అమ్మా అని పిలిచి, కాళ్ళ దగ్గర కూర్చుని చేతులు జోడించి వంగి మొక్కాడు. మా వాళ్ళలో చిన్నవాళ్ళు పెద్దల కాళ్ళకి దణ్ణం పెట్టినట్టే అది. తమ్ముడి బట్టలు గదితోపాటే పోయాయి. ఆఫీసులో వాడి బల్ల కింద ఉన్న ఒక్క సంచీ మిగిలిందట. "అక్క గులాబీల కోసం అని చెప్పాడు" అంటూ నా చేతికిచ్చాడు. రెండు పొరల ప్లాస్టిక్ సంచీ, గట్టిగా ముడి వేసి ఉంది. లోపలి వైపంతా నీటి చుక్కలు పట్టి ఉన్నాయి.

ఆ అబ్బాయి వెళ్ళాక ముడి విప్పాను. వాన వాసన వచ్చింది. చిటికెడు తీసి అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రుద్దాను. నీళ్ళు వచ్చాయి. దానికీ వచ్చాయి, నాకూ వచ్చాయి. అక్కడి కొండనీళ్ళు, వాడు ముడి వేసినప్పటి నీళ్ళు, ఇంకా అందులోనే ఉన్నాయి. గులాబీలకి వేయడానికి మనసొప్పలేదు. మళ్ళీ ముడివేసి, తడిగోనె చుట్టి, వంటింట్లో గట్టు కింద చీకట్లో పెట్టాను. "దీన్ని ముట్టుకోకమ్మా" అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

వానలు వెనకపట్టాయి. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, కరెంటు లేని మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళేసరికి గోనె విప్పి ఉంది. సంచీ లేదు. డాబా మీదికి పరుగెత్తాను. పాత చీర పరిచి ఉంది. దాని మీద పల్చగా నా తమ్ముడి మన్ను. ఉదయం నుంచీ ఎండినట్టుంది, నలుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. అమ్మ పక్కన కూర్చుని జల్లెడ పడుతోంది.

"ముట్టుకోవద్దన్నానా లేదా!" అని అరిచాను. నా అరుపుకి కింది అంతస్తువాళ్ళు కిటికీలు తెరిచారు. "ఒక్కసారి ఎండితే మరి నీళ్ళు పట్టదని చెప్పాడమ్మా వాడు! చంపేశావు దాన్ని!"

అమ్మ జల్లెడ ఆపలేదు. "ఎండబెట్టకపోతే పురుగు పట్టదేటే? సవితి దగ్గరకొచ్చేసింది. ఆడొచ్చినాక సెవులకి ఏటి పెట్టమంటావు?"

నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను పిల్లల చెవులకి రాయడం మా వాళ్ళ ఆచారం. చెవి పోట్లు రావని, ఏ పురుగూ పుట్రా దగ్గరికి రాదని. పజుండౌంగ్‌లో పుట్టలెక్కడివి? అందుకని ఎవరైనా ఏరు దాటి వెళ్తే మన్ను తెప్పించుకుని, ఎండబెట్టి, జల్లించి, పాలపొడి డబ్బాలో పోసి దాచుకోవడం మా ఇళ్ళలో ఆడవాళ్ళకి ముత్తవ్వల నాటి అలవాటు. అమ్మకి మన్నంటే ఆ మన్నే. పెళ్ళీడు దాటినా మా ఇద్దరినీ వరసగా కూర్చోబెట్టి, ముందు నాకు, తర్వాత వాడికి రాసేది. వాడు సుమత్రా వెళ్ళాక వాడి వంతు డబ్బాలో ఉంచేది. నా కోపం ఏమైపోయిందో తెలియదు. పక్కన కూలబడి, జల్లించిందంతా డబ్బాలోకి ఎత్తి ఇచ్చాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక, అమ్మ చూడకుండా ఒక చెంచాడు గ్లాసులో వేసి నీళ్ళు పోశాను. మర్నాడు చూసినా పలుకులు పలుకులుగా అలాగే ఉంది. వేలితో నలిపితే కరకరలాడింది. ఆ గ్లాసు కడిగేశాను.

చవితి పొద్దున అమ్మ తలంటుకుని, పళ్ళెంలో ఆ మన్ను పోసుకుని, మీద పాలు పోసింది. పాలు మన్నులోకి దిగలేదు. పళ్ళెం అంచుకి జరిగి తెల్లగా నిలబడ్డాయి. అమ్మ వేళ్ళతో కలిపింది. మళ్ళీ కలిపింది. మన్ను వేళ్ళ సందుల్లోంచి ఇసకలా జారింది. ఇంకాసిని పాలు పోసింది. నన్ను ముందు కూర్చోమని నా చెవికి రాసింది. మన్ను అంటుకోలేదు, భుజం మీదికి రాలింది. మళ్ళీ తీసి రాసింది. మళ్ళీ రాలింది. అమ్మ వేలు నా చెవి మీద గట్టిగా ఒత్తుకుంటోంది, నొప్పి పుడుతోంది. నేను కదల్లేదు.

"అంటుకోటం నేదే" అంది.

"అంటుకోదమ్మా."

"నానబెడితేనో? రేత్రంతా నానబెడితే?"

"నేను నానబెట్టి చూశాను. ఎన్నాళ్ళు నానబెట్టినా అంతేనని వాడు చెప్పాడు."

అమ్మ పళ్ళెం కింద పెట్టింది. "అయితే మరి రాదన్నమాట" అంది. నా భుజం మీద రాలిన పలుకులన్నీ చీర కొంగుతో ఒక్కొక్కటే ఎత్తి డబ్బాలో వేసింది. పళ్ళెంలో పాలు వంపేసి, మిగిలింది కూడా ఎత్తింది. అప్పుడు ఏడ్చింది. కబురు వచ్చిననాటి నుంచీ ఆపుకున్నదంతా ఏడ్చింది. నేను పట్టుకుని కూర్చున్నాను.

ఏడుపు ఆగాక మూత పెట్టిన డబ్బా నా ఒళ్ళో పెట్టింది.

"పంతులుగారికి ఫోన్ సెయ్యి. బొమ్మ సేస్తే సెయ్యమను" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ బొమ్మకి సెవులు పెడతారేమో అడుగు" అంది.

నేను ఫోన్ చేశాను. ఆయన ఎత్తగానే ముందు ఆ మాటే అడిగాను.