మేడం అడిగిన ప్రార్థన

లెబనాన్‌లో యుద్ధం ఆగిందని రేడియోలో విన్న రోజు మా మేడం వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. పిండి చేతులతోనే నేనూ నవ్వాను గానీ గుండెల్లో రాయి పడింది. మేడం భర్తే నా కఫీల్, ఆయన పేరు మీదే నా వీసా. వాళ్ళు దుబాయ్ వదిలి సొంత దేశానికి పోతే నా పని ఖలాస్. కోనసీమలో మా ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే.

మాతోనే ఉండే మేడం తమ్ముడు ముందుగా వెళ్ళాడు, బాంబులకి కూలిన ఇల్లు మళ్ళీ కట్టించడానికి. గోడలు లేచాయని, కిటికీలు పెట్టారని ఫోన్లో చెప్పేవాడు. మేడం మురిసిపోయేది. నాకు ఒళ్ళు మండేది. ఎవరిల్లో లేస్తుంటే నాకెందుకట ఏడుపు? అయినా ఏడుపే.

అక్కడి గుర్తింపు కార్డులో మతం రాసి ఉంటుందట. యుద్ధంలో తుపాకులవాళ్ళు కార్లు ఆపి, కార్డు చూసి, తమవాడు కాకపోతే దింపి కాల్చేసేవారట. ఇప్పుడు విదేశీ సైన్యాలు కాపలా ఉన్నాయి, నాయకులు చేతులు కలిపారు, ఇక ఆ భయం లేదని మేడం అనేది. నాకు చెబుతోందో, తనకే చెప్పుకుంటోందో! మా ఊళ్ళో ఏ పేటో చెబితే చాలు, కార్డు అక్కర్లేదన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

దుబాయ్‌లో సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి కూడా ఆ రోజే, నన్ను కూడా కారులో తీసుకెళ్ళేది. ఒకసారి దారిలో, మా దేశం నిలబడాలని, నా పిల్లలు చల్లగా ఉండాలని నువ్వు కూడా ప్రార్థించు అని అడిగింది. సరేనన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, ప్రభువా, వీళ్ళ ప్రయాణం ఆపు, ఎలా ఆపుతావో నీ ఇష్టం అన్నాను. యుద్ధం అనే మాట మాత్రం నోటికి రానివ్వలేదు. దేవుడి దగ్గర కూడా నా లౌక్యం నాది.

టికెట్లు కొన్నాక మళ్ళీ తుపాకులు పేలాయి. విమానాశ్రయం మూసేశారు. కొత్త తలుపులకి రంగు కొనడానికి బయల్దేరిన తమ్ముణ్ణి దారిలో ఆపి కార్డు అడిగారట. అంతే, మనిషి దక్కలేదు. కబురు వచ్చిన రోజు మేడం కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే, నా పని నిలిచింది కదా అనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను!

తమ్ముడు పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక మేడం నన్ను భోజనాల బల్ల దగ్గరికి పిలిచింది. అప్పటిదాకా నేను వంటింట్లోనే తినేదాన్ని. తన పక్క కుర్చీ లాగి కూర్చోమంది.

"నీ ప్రార్థన వల్లే నా పిల్లలు ఇవాళ అక్కడ లేరు," అంది అరబ్బీలో, నా చెయ్యి పట్టుకుని.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా తనే నా పళ్ళెంలో అన్నం పెట్టి, చల్లారిపోతుంది తినమంది. తిన్నాను. మారు వడ్డిస్తే వద్దనలేదు.