ఏ జబ్బూ లేని వంశం

నిరుడు మా మామగారికి గుండెపోటు వస్తే జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ సిద్ధం చేయించి, "ఈయనకు రక్తం ఆగని జబ్బేమైనా ఉందా?" అని అడిగాడు డాక్టరు.

"మా వంశంలోనే అట్లాంటివి లేవు సార్," అన్నాడు మామగారి పెద్దకొడుకు, మా బావగారు, గర్వంగా. ఆయన కూతురికి పులివెందుల సంబంధం ఖాయమయ్యేలా ఉంది. పరామర్శకొచ్చిన ఆ పెళ్లివారు పక్కనే నిలబడి ఉన్నారు. తాత జబ్బు మనవరాలికీ ఉంటుందంటారని భయం.

నిజానికి అంతకుముందు మామగారు పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలేదు; పరీక్ష చేయిస్తే ఆ జబ్బేనని తేలింది. ఆ రిపోర్టు అత్తగారి బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. నేను నోరు తెరవబోతే, "నువ్వు గమ్మునుండు" అని అత్తగారు గిల్లింది.

"ఆ జబ్బు ఉండాది సార్! సూది ఎయ్యొద్దండి!" అని అరిచేశాను.

డాక్టరు అదిరిపడి ఇంజెక్షన్ ఆపించాడు. "ఇది పడుంటే మనిషి దక్కేవాడు కాదు" అని బావగారిని కడిగేసి, వేరే వైద్యం చేశాడు.

సంబంధం తప్పిపోయింది. మామగారు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆయనే చెబుతుంటారు:

"మా ఇంట్లో ఏ జబ్బూ లేదప్పా, మా చిన్నకోడలి నోరు తప్ప."