అన్నయ్య కోరుకున్న జామకాయ

మొన్న టీవీలో ఏదో పెద్ద ఫుట్‌బాల్ జట్టువాళ్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటుంటే, మా మనవడు “వీణ్ణి తీసుకున్నారేంటి అమ్మమ్మా, దండగ!” అని తల పట్టుకున్నాడు. నాకు గన్నవరంలో మా చర్చి వెనక ఖాళీ స్థలం గుర్తొచ్చింది.

డెబ్బైల్లో అక్కడ మేమూ రబ్బరు బంతితో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఇద్దరిద్దరం చాటుకెళ్లి ఉత్తుత్తి పేర్లు పెట్టుకొస్తే, నాయకులు ఆ పేర్లను బట్టి మనుషుల్ని కోరుకునేవాళ్లు. ఒక జట్టుకు మా అన్నయ్య నాయకుడు. నేనెప్పుడూ అవతలి జట్టులోనే పడేదాన్ని. ఆ రోజు బాగా పరిగెత్తే సాల్మన్ నాకు జోడీ. అన్నయ్యకు ప్రాణమని మామిడిపండు పేరు నేను పెట్టుకుని, సాల్మన్‌కు జామకాయ ఇచ్చాను.

“మామిడిపండు కావాలా, జామకాయ కావాలా?” అని అన్నయ్యను అడిగాం.

అన్నయ్య నా మొహంలోకి చూశాడు. “జామకాయ.”

“రామ్మా మామిడిపండూ, ఆ మూల నిలబడు. బంతికి అడ్డం రాకు!” అన్నాడు అవతలి నాయకుడు. ఆట అయ్యేదాకా ఆ మూలే ఒక్కదాన్నీ నిలబడ్డాను.

అన్నయ్యకు రుచి మారిందనుకుని, మర్నాడు దోరజామకాయ ఒకటి గౌనులో దాచి తెచ్చిచ్చాను.

“ఇదెందుకే? నాకు జామకాయ గిట్టదుగా!” అన్నాడు.

నేను మామిడిపండే పెట్టుకుంటానని అన్నయ్యకు ముందే తెలుసు. నన్ను అంత బాగా ఎరిగినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.